దేశాన్ని విడగొట్టాలా, అధికారం పంచాలా? ముందు రద్దు చేసే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడండి

అడిగిన ప్రశ్న ఇది: "సార్, మాది కందుకూరు. ఒంగోలులో ఎం.ఏ. పాలిటిక్స్ చదువుతున్నాను. రెండు మూడు జాతులున్న దేశంలో గొడవలు ముదిరితే ఫెడరల్ పద్ధతిలో అధికారం పంచుకోవడం మంచిదా, దేశాన్ని విడగొట్టడం మంచిదా అని క్లాసులో డిబేట్ పెట్టారు. నాకు విభజన వైపు వచ్చింది. అన్నదమ్ములకు పడకపోతే వాటాలు పంచినట్టు పంచేస్తే పోతుంది కదా అంటున్నారు మా వాళ్లు. నిజంగా అంతేనా?"

బాబూ, ముందు ఆ అన్నదమ్ముల పోలిక పక్కన పెట్టు. వాటాల దగ్గర తేడా వస్తే మీ ఊళ్లో పెద్దమనుషులున్నారు, వాళ్లతో తేలకపోతే కోర్టుంది, కోర్టు తీర్పు వినకపోతే పోలీసులున్నారు. దేశాలు విడిపోయేటప్పుడు పైన అలాంటి వాళ్లెవరూ ఉండరు. పైగా ఎవరికి వాటా పంచుతున్నామో ఆ జనంలో చాలామంది అప్పటికే అవతలి వాటాలో కాపురం ఉంటారు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డిగ్రీ పిల్లలకు ఈ పాఠాలే చెబుతూ రిటైరైన వాణ్ని, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఫెడరలా, విభజనా అన్నది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది, కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఒక పక్షం తనంతట తాను రద్దు చేయగలదా అని. చేయగలిగితే ఆ ఫెడరల్ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు. ప్రపంచంలో దేశాలు ముక్కలైన కథలు తిరగేస్తే, చాలా చోట్ల విడిపోయినవాళ్లు మొదట దేశం అడగనే లేదు. ఫెడరల్ పాలనే అడిగారు. ఇచ్చిన దాన్ని వెనక్కి తీసుకున్నాక దేశం అడిగారు.

సూడాన్ చూడు. విభజన వైపు మాట్లాడేవాళ్లు ముందుగా ఎత్తేది ఆ దేశాన్నే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1956 జనవరి 1న స్వాతంత్ర్యం వచ్చింది. ఉత్తరాన అరబ్బీ మాట్లాడే ముస్లింలు ఎక్కువ. దక్షిణాన డింకా, నూయేర్, షిల్లుక్ లాంటి తెగలు, వాళ్లలో క్రైస్తవులు, తమ సొంత దేవుళ్లను కొలిచేవాళ్లు. దక్షిణాది నాయకులు స్వాతంత్ర్యానికి ముందే ఫెడరల్ పాలన కావాలన్నారు. పరిశీలిస్తామని మాటిచ్చిన ఉత్తరాది నాయకులు పని అయ్యాక ఆ ఊసే వదిలేశారు. అంతర్యుద్ధం వచ్చింది. 1972లో అడిస్ అబాబాలో ఒప్పందం కుదిరి దక్షిణానికి సొంత అసెంబ్లీ, సొంత మంత్రివర్గం వచ్చాయి.

తర్వాత పదకొండేళ్లు పెద్ద యుద్ధం లేకుండా గడిచింది. పరీక్షకు చదివేవాళ్లు దాటేసేది ఈ పదకొండేళ్లనే. ఆ రెండు ప్రాంతాలు కలిసి బతకలేవు అనే వాదనకు ఇది అడ్డం వస్తుంది. ఆ ఒప్పందంలో ఒక గట్టి షరతు కూడా ఉంది: దాన్ని మార్చాలంటే జాతీయ అసెంబ్లీలో నాలుగింట మూడు వంతుల మద్దతు, దాంతోపాటు దక్షిణ ప్రజల రెఫరెండంలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. చదివితే ఇంతకన్నా భద్రత ఏం కావాలి అనిపిస్తుంది. 1978లో దక్షిణాన బెంటియూ దగ్గర చమురు పడింది. 1983లో అధ్యక్షుడు నిమేరి ఒక్క ఉత్తర్వుతో దక్షిణ ప్రాంతాన్ని మూడు ముక్కలు చేశాడు. రెఫరెండం లేదు, ఏమీ లేదు. అదే ఏడాది సెప్టెంబరులో షరియా చట్టం పెట్టాడు. అడ్డుకునే కోర్టు లేదు, సైన్యం మొత్తం ఆయన చేతిలోనే ఉంది. ఒప్పందానికి హామీగా నిలబడిన బయటి దేశం కూడా ఏదీ లేదు.

యుద్ధం మళ్లీ మొదలైంది. నడిపించిన జాన్ గరాంగ్ అడిగింది కూడా ప్రత్యేక దేశం కాదు, అందరికీ సమానమైన 'కొత్త సూడాన్'. రెండు దశాబ్దాలు దాటాక 2005 జనవరిలో శాంతి ఒప్పందం, 2011 జనవరిలో రెఫరెండం. 98.83 శాతం మంది విడిపోతామన్నారు. జూలై 9న కొత్త దేశం పుట్టింది.

నీ ప్రత్యర్థి నిన్ను పట్టుకునేది ఇక్కడే, జాగ్రత్త. ఉమ్మడి దేశపు చమురులో దాదాపు నాలుగింట మూడు వంతులు దక్షిణానికి వెళ్లింది. దాన్ని ఓడకెక్కించే పైపులైను మాత్రం ఉత్తరం మీదుగా ఎర్రసముద్రం ఒడ్డున పోర్ట్ సూడాన్ దాకా పోతుంది. రవాణా రుసుము దగ్గర తగాదా వచ్చి, 2012 జనవరిలో దక్షిణం చమురు తియ్యడమే ఆపేసింది. ఏప్రిల్ నాటికి హెగ్లిగ్ చమురు క్షేత్రం దగ్గర రెండు సైన్యాలూ తలపడ్డాయి. అబ్యే అనే ప్రాంతం ఎటు పోవాలో తేల్చే రెఫరెండం కూడా 2011లోనే జరగాలి. ఎవరికి ఓటుండాలో తేలక ఆగిపోయింది. ఇక 2013 డిసెంబరులో కొత్త దేశంలోనే అధ్యక్షుడు సాల్వా కీర్, ఆయన ఉపాధ్యక్షుడిగా పనిచేసిన రియెక్ మచార్ వర్గాల మధ్య యుద్ధం. డింకా, నూయేర్ తెగలు చెరోవైపు నిలబడ్డాయి. యుద్ధం వల్ల, దాని వెంట వచ్చిన ఆకలి, జబ్బుల వల్ల నాలుగు లక్షల దాకా ప్రాణాలు పోయాయని పరిశోధకుల అంచనా. ఖార్టూమ్ తో, అంటే రాజధానిలో ఉన్న ఉత్తరాది ప్రభుత్వంతో, తగాదా ఉన్నంతకాలం వెనకబడి ఉన్న తెగల తగాదా, ఖార్టూమ్ పోగానే ముందుకొచ్చింది.

ఇదే వరస మరో మూడు చోట్ల కనబడుతుంది, త్వరగా చెప్పేస్తాను. ఎరిట్రియాను ఐక్యరాజ్యసమితి తీర్మానంతో 1952లో ఇథియోపియాతో ఫెడరేషన్ గా కలిపారు. 1962లో చక్రవర్తి హైలే సెలాసీ ఆ ఫెడరేషన్ ను రద్దు చేసి ఎరిట్రియాను మామూలు రాష్ట్రంగా మార్చేశాడు. ముప్పై ఏళ్ల యుద్ధం నడిచి 1993లో అది విడిపోయింది. విడిపోయిన అయిదేళ్లకే బాద్మే అనే చిన్న ఊరి దగ్గర సరిహద్దు కోసం మళ్లీ యుద్ధం, రెండు వైపులా వేల మంది చచ్చిపోయారు. సెర్బియాలో భాగంగా ఉన్న కొసావోకు 1974 యుగోస్లావ్ రాజ్యాంగం ఇచ్చిన స్వయంప్రతిపత్తిని 1989లో బెల్గ్రేడ్ లోని సెర్బియా ప్రభుత్వం లాగేసుకుంది. తూర్పు పాకిస్తాన్ సంగతి నీకు తెలిసిందే. 1966లో అక్కడి నాయకుడు షేక్ ముజీబ్ పెట్టిన ఆరు సూత్రాలు ఫెడరల్ డిమాండే. 1970 డిసెంబరు ఎన్నికల్లో ఆయన పార్టీ తూర్పున 162 సాధారణ సీట్లకు 160 గెలిచింది. అసెంబ్లీని కూర్చోనివ్వకుండా 1971 మార్చిలో సైన్యాన్ని దించారు.

ఇక మన సముద్రానికి కింద ఉన్న శ్రీలంక. ప్రజాస్వామ్యం, ఎన్నికలు, కోర్టులు ఉన్న దేశం కూడా ఇదే పని చేయగలదని అది చూపిస్తుంది. తమిళుల ఫెడరల్ పార్టీ 1949లో పుట్టింది, పేరులోనే కోరిక ఉంది. 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేశారు. 1957లో ప్రధాని బండారనాయకే, ఫెడరల్ పార్టీ నేత చెల్వనాయకం ప్రాంతీయ మండళ్ల మీద ఒప్పందం చేసుకున్నారు. 1958 ఏప్రిల్ లో బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు, ఆయన ఒప్పందాన్ని వదిలేశాడు. 1965లో అవతలి పార్టీ నేత డడ్లీ సేనానాయకేతో ఇంకో ఒప్పందం, అది కూడా అమలు కాలేదు. ఒప్పందానికి ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు అడ్డుపడతారు, వాళ్లే అధికారంలోకొస్తే తాము ఒప్పందం చేస్తామంటారు, అప్పుడు అవతలివాళ్లు అడ్డుపడతారు. మన రాజకీయాలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1976లో వడ్డుకోడైలో అదే చెల్వనాయకం అధ్యక్షతన ప్రత్యేక తమిళ ఈలం తీర్మానం చేశారు. ఫెడరల్ అడిగిన మనిషి దేశం అడగడానికి 27 ఏళ్లు పట్టింది.

1987లో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందంతో 13వ రాజ్యాంగ సవరణ వచ్చింది, ప్రావిన్షియల్ కౌన్సిళ్లు పెట్టారు. భూమి, పోలీసు అధికారాలు కాగితం మీద ఉన్నాయి, చేతికి రాలేదు. ఉత్తర, తూర్పు ప్రాంతాలను కలిపిన ఏర్పాటును 2006లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉత్తర ప్రాంత కౌన్సిల్ గడువు 2018 అక్టోబరులో ముగిస్తే ఏళ్ల తరబడి ఎన్నికలే పెట్టలేదు. రద్దు చేశామన్న మాట ఎవరూ అనక్కర్లేదు, ఎన్నికలు పెట్టకపోతే చాలు.

అలాగని అక్కడ విభజన గీత గీయగలవా? తూర్పు ప్రాంతంలో తమిళులు, ముస్లింలు, సింహళీయులు మూడు వర్గాలూ కలిసి ఉన్నారు. ముస్లింలు తమిళమే మాట్లాడతారు, కానీ తమిళుల కింద లెక్కేస్తే ఒప్పుకోరు. తేయాకు తోటల తమిళులు నువర ఎలియా కొండల్లో, సింహళ ప్రాంతం నడిమధ్యన ఉన్నారు. కొలంబోలో వేల తమిళ కుటుంబాలు. 1990 అక్టోబరులో ఎల్టీటీఈ ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలను, సుమారు 70 వేల మందిని, కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. ఈలం వచ్చి ఉంటే అందులో మైనారిటీల గతి ఏమయ్యేదో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

విభజనకు దిగేముందు జనం కలిసిపోయి ఉన్నారా, విడివిడిగా ఉన్నారా అన్నది చూడాలి. 1947లో భారత్, పాకిస్తాన్ ల మధ్య గీత గీయడానికి వచ్చిన బ్రిటిష్ లాయరు రాడ్ క్లిఫ్ జూలై 8న మన దేశంలో కాలుపెట్టాడు, గీతలు ఆగస్టు 17న బయటపెట్టారు. అయిదారు వారాల్లో పంజాబ్, బెంగాల్ లను కోస్తే కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి నడిచారు. తూర్పున ఒక దేశంలో చిక్కుకున్న ఇంకో దేశపు ముక్కలు 162 మిగిలాయి. మనవి 111, ఇప్పటి బంగ్లాదేశ్ వి 51. వాటిని మార్చుకోవడం 2015 జూలై 31 అర్ధరాత్రికి గానీ పూర్తి కాలేదు.

ఇక మన దగ్గరకి వస్తే, 2014 జూన్ 2న మన రాష్ట్రమూ విడిపోయింది. అది జాతుల తగాదా కాదు, అటూ ఇటూ తెలుగువాళ్లమే. పైన పార్లమెంటు, సుప్రీంకోర్టు ఉన్నాయి. అయినా విభజన చట్టంలోని తొమ్మిదో షెడ్యూల్, పదో షెడ్యూల్ సంస్థల పంపకం పదేళ్లు దాటినా పూర్తిగా తేలలేదు. 2023 నవంబరు 30న, అవతల తెలంగాణలో పోలింగ్ జరిగే రోజు తెల్లవారకముందే, ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీదికి వెళ్లి 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆ కాలువ చివరే మన దర్శి వైపు పొలాలు, ఒంగోలు తాగునీళ్లు ఉన్నాయి కాబట్టి మనకు అది న్యాయంగానే అనిపించింది, వాళ్లకు దౌర్జన్యంగా అనిపించింది. కేంద్రం సీఆర్పీఎఫ్ ను దించాక సద్దుమణిగింది. సూడాన్ పైపులైను గొడవ కూడా ఇలాంటిదే. దించడానికి అక్కడ సీఆర్పీఎఫ్ లేదు.

మన విభజన మూలం కూడా ఒక ఒప్పందమే. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు చేయాలి. అదే ఏడాది నవంబరులో ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఆ ఉపముఖ్యమంత్రి పదవి లేదు. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో ఇటు జై ఆంధ్ర, 1973లో ఆరు సూత్రాల పథకం. ఆ పథకంతో స్థానికుల ఉద్యోగాలకు రాజ్యాంగంలో 371డి రక్షణ వచ్చింది, అదే దెబ్బకు పెద్దమనుషుల ఒప్పందం ఇచ్చిన తెలంగాణ ప్రాంతీయ కమిటీ పోయింది. ఆంధ్రా వాడివై ఉండి ఇలా అంటావేమిటని నన్ను క్లాసులోనే నిలదీసిన పిల్లలున్నారు. ఒప్పందం చదవండి, తర్వాత మాట్లాడదాం అనేవాణ్ని.

ఇప్పుడు నువ్వు తెలివైనవాడివైతే ఒక ఎదురు ప్రశ్న వేయాలి. మన రాజ్యాంగంలో ఆర్టికల్ 3 ఉంది కదా. రాష్ట్రం ఒప్పుకోకపోయినా పార్లమెంటు మామూలు మెజారిటీతో సరిహద్దులు మార్చగలదు. 2019లో జమ్మూ కశ్మీర్ రాష్ట్రాన్నే రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశారు. మరి ఒక పక్షం రద్దు చేయగల ఏర్పాటు నిలవదన్నారు, ఇండియా ఎట్లా నిలిచింది సార్, అని.

నాకు తోచిన జవాబు, ఇక్కడ 'ఒక పక్షం' అనేది శాశ్వతంగా ఎవరూ లేరు. ఢిల్లీలో ఈరోజు మెజారిటీ కావాలంటే తెలుగు ఎంపీలు కావాలి, రేపు తమిళ ఎంపీలో బీహార్ ఎంపీలో కావాలి. భాషల వారీగా రాష్ట్రాలు అడిగినప్పుడు నెహ్రూ మొదట ఒప్పుకోలేదు. నెల్లూరు జిల్లా పేరులో ఉన్న పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణం వదిలాక నాలుగు రోజులకే ప్రకటన వచ్చింది, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. లోపలి గీతలు మార్చుకునే వీలుంటే బయటికి పోయే గీత అడిగేవాళ్లు తగ్గుతారు. రెండే ముక్కలున్న ఫెడరేషన్లు చూడు: పాకిస్తాన్, ఇథియోపియా-ఎరిట్రియా, చెకోస్లోవేకియా, సెర్బియా-మాంటెనెగ్రో. అన్నీ విరిగాయి. ఇద్దరే ఉన్నచోట ప్రతి లెక్కా నువ్వా నేనా అనే తేలుతుంది. నైజీరియా మూడు పెద్ద ప్రాంతాలతో మొదలై, తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోతుందన్న భయంతో 1967లో, అప్పటికి నాలుగైన ప్రాంతాలను 12 రాష్ట్రాలు చేసింది, ఇప్పుడు 36. అధ్యక్షుడు కావాలంటే మొత్తం ఓట్లలో ముందుండటం ఒక్కటే చాలదు, మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో కనీసం పాతిక శాతం చొప్పున తెచ్చుకోవాలి. బయాఫ్రా యుద్ధం ఆగలేదు నిజమే, కానీ ఆ తర్వాత దేశం మళ్లీ అలా చీలలేదు.

ఎవరూ రద్దు చేయలేకుండా మరీ గట్టిగా బిగిస్తే ఇంకో జబ్బు. బోస్నియాలో 1995 డేటన్ ఒప్పందం రాజ్యాంగాన్నే రాసిచ్చింది. 51:49 నిష్పత్తిలో రెండు భాగాలు, బోస్నియాక్, సెర్బ్, క్రొయేట్ అనే మూడు జాతులకు ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలి, అందరికీ వీటో. యుద్ధం ఆగింది, అది చిన్న విషయం కాదు. కానీ రోమా, యూదు జాతుల వాళ్లు అధ్యక్ష పదవికి పోటీకే అర్హులు కారు. సెజ్డిక్, ఫింసి అనే ఇద్దరు వేసిన కేసులో 2009లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇది వివక్ష అని తీర్పు ఇచ్చినా రాజ్యాంగం మారలేదు. కొన్ని ఊళ్లలో ఒకే బడి భవనంలో రెండు జాతుల పిల్లలకు రెండు వేర్వేరు స్కూళ్లు. సైప్రస్ లో 1960 రాజ్యాంగం గ్రీకులకు 70, టర్కులకు 30 చొప్పున ఉద్యోగాలు, టర్కుల ఉపాధ్యక్షుడికి వీటో ఇచ్చింది. మూడేళ్లకే కూలిపోయింది. 1974లో టర్కీ సైన్యం దిగి ద్వీపం రెండైంది. 2004లో మళ్లీ కలిపే ఫెడరల్ ప్లాన్ మీద ఓటింగ్ పెడితే టర్కులు 65 శాతం సరే అన్నారు, గ్రీకులు 76 శాతం వద్దన్నారు. డచ్చి, ఫ్రెంచి మాట్లాడేవాళ్ల మధ్య తగాదా ఉన్న బెల్జియం మాత్రం 2010, 11లలో 541 రోజులు పూర్తి స్థాయి ప్రభుత్వం లేకుండా కూడా ఒక్క తూటా పేలకుండా గడిపింది. వాళ్లు లూవెన్ యూనివర్సిటీని భాష పేరుతో చీల్చినప్పుడు లైబ్రరీ పుస్తకాలను సరిసంఖ్య, బేసిసంఖ్య నంబర్ల ప్రకారం పంచుకున్నారు. నవ్వొస్తుంది, కానీ నా లెక్కలో అది చెడ్డ పంపకమేమీ కాదు.

సరే, నీ డిబేట్. విభజన వైపు నిలబడాలి కాబట్టి సూడాన్ తో మొదలుపెట్టొద్దు, చెకోస్లోవేకియాతో మొదలుపెట్టు. 1993 జనవరి 1న విడిపోయారు, ఉమ్మడి ఆస్తుల్లో చాలావాటిని జనాభా ప్రకారం 2:1 గా పంచుకున్నారు, రక్తం చిందలేదు. ఎందుకు చిందలేదో కూడా నువ్వే చెప్పు. చెక్కులు, స్లోవాక్ లు చాలావరకు ఎవరి ప్రాంతంలో వాళ్లున్నారు, రెండింటి మధ్య సరిహద్దు ముందే ఉంది, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. ప్రజలను అడగలేదు, అప్పటి సర్వేల్లో ఎక్కువమంది విడిపోవద్దనే అన్నారు. ఇది మీ ప్రత్యర్థి చెప్పకముందు నువ్వు చెబితే నీకే మేలు. ఆపైన నీ వాదన ఇలా పెట్టు: ఒకసారి ఇచ్చిన స్వయంపాలనను కేంద్రం ఒంటరిగా లాగేసుకుంటే, ఆ కేంద్రాన్ని మళ్లీ నమ్మమని అడిగే హక్కు ఎవరికీ లేదు, అప్పుడు విభజన న్యాయమే. సూడాన్, ఎరిట్రియా, కొసావో ఈ వాదన కింద వస్తాయి. విభజన వల్ల శాంతి వస్తుందని మాత్రం వాదించొద్దు, దక్షిణ సూడాన్ ఒక్కటి చాలు నిన్ను ఓడించడానికి.

రెఫరెండంలో ఎవరు ఓటేయాలి, ఏ గీత లోపల లెక్కపెట్టాలి అని తప్పక అడుగుతారు. దానికి స్విట్జర్లాండ్ లో జురా ఉంది. బెర్న్ అనే జర్మన్ మాట్లాడే రాష్ట్రం నుంచి ఫ్రెంచి మాట్లాడే జురా ప్రాంతం విడిపోతానంది. 1974లో ప్రాంతమంతా ఓటేసింది. 1975లో, విడిపోవడం ఇష్టం లేని దక్షిణ తాలూకాలు విడిగా ఓటేసి బెర్న్ లోనే ఉండిపోయాయి. ఆ తర్వాత సరిహద్దు మీదున్న ఊళ్లు ఊరికో ఓటు పెట్టుకుని ఎటు కావాలో చెప్పాయి. 1979 జనవరి 1న జురా కొత్త రాష్ట్రమైంది. మీ కందుకూరును 2022లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు గెజిట్ లో అభ్యంతరాలు చెప్పమన్నారు గానీ ఊరి ఓటు పెట్టలేదు, అక్కడ పెట్టారు. మూతియే అనే ఊరు బెర్న్ లో ఉండిపోయి, 2017లో జురాకు పోతామని ఓటేసింది. అక్రమాలు జరిగాయని ఆ ఓటును కొట్టేశారు. 2021లో మళ్లీ ఓటేసి, 2026 జనవరి 1న జురాలో కలిసింది. ఇది దేశ విభజన కాదు కదా అని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. కాదని ఒప్పుకో. గీత ఎలా గీయాలన్న ప్రశ్నకు మాత్రం ఇంతకన్నా మంచి పద్ధతి వాళ్ల దగ్గరుంటే చూపించమను.